ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిస్తున్న తెలుగువాళ్లకు: కౌన్సిల్ లైసెన్సు తీసుకునే పద్ధతి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లు అద్దెకివ్వాలంటే గేటుకు టులెట్ బోర్డు తగిలించి, పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటే పనైపోతుంది. అదే అలవాటుతో ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిస్తే వేల పౌండ్ల జరిమానా పడొచ్చు. ఇక్కడ చాలా పేటల్లో మామూలు ఇల్లు మామూలు కుటుంబానికి ఇవ్వాలన్నా ముందు కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) దగ్గర లైసెన్సు తీసుకోవాలి. దీనికి మూలం 2004 నాటి హౌసింగ్ యాక్ట్. లండన్‌లో మన విద్యార్థులు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ ప్రాంతం న్యూహామ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. దాదాపు బరో (ఆ కౌన్సిల్ పరిధి) మొత్తానికి ఈ పద్ధతి పెట్టిన మొదటి కౌన్సిల్ అదే, 2013 జనవరిలో. తర్వాత బర్మింగ్‌హామ్, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ లాంటి పెద్ద నగరాలూ పెట్టాయి. 2024 డిసెంబరు నుంచి ఎంత పెద్ద ప్రాంతానికైనా కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండానే కౌన్సిళ్లు ఈ లైసెన్సు స్కీము పెట్టుకోవచ్చు. కాబట్టి నిరుడు అక్కర్లేని ఇంటికి ఈ ఏడు లైసెన్సు కావాల్సి రావచ్చు.

వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌ల పద్ధతులు వేరు. వేల్స్‌లో దేశమంతటికీ రెంట్ స్మార్ట్ వేల్స్ అనే ఒకే వ్యవస్థ ఉంది. కార్డిఫ్‌లో ఇల్లున్నవాళ్లు అక్కడి నిబంధనలు చూసుకోవాలి. కింద రాసినవన్నీ ఇంగ్లండ్‌కు మాత్రమే.

ఏ లైసెన్సు కావాలో తేల్చుకోవడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇల్లు ఎంత పెద్దది, ఎన్ని బెడ్‌రూములు అన్నది తర్వాతి సంగతి. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, వాళ్లు ఎన్ని కుటుంబాలు అన్నదాన్ని బట్టే లైసెన్సు రకం మారుతుంది.

ఒకే కుటుంబమో, ఒంటరి మనిషో, ఇద్దరు స్నేహితులో అద్దెకుంటే కావాల్సింది సెలెక్టివ్ లైసెన్సు, అదీ మీ వీధి కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతంలో ఉంటేనే. ఒకటికి మించిన కుటుంబాల వాళ్లు ముగ్గురో నలుగురో కలిసి ఉంటూ వంటగదో బాత్‌రూమో పంచుకుంటే ఆ ఇల్లు హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్) అవుతుంది. కౌన్సిల్ అడిషనల్ లైసెన్సింగ్ పెట్టిన చోట దానికి ఆ లైసెన్సు తీసుకోవాలి. అడిషనల్ స్కీము లేకుండా సెలెక్టివ్ స్కీము మాత్రమే ఉన్న ప్రాంతమైతే ఆ చిన్న హెచ్‌ఎంఓకి సెలెక్టివ్ లైసెన్సే కావాలి. ఇక అలా కలిసి ఉండేవాళ్లు ఐదుగురు, అంతకు మించితే మాండేటరీ హెచ్‌ఎంఓ లైసెన్సు తప్పనిసరి. దీనికి ప్రాంతంతో సంబంధం లేదు, ఇంగ్లండ్‌లో ఎక్కడైనా ఇంతే. ఇల్లు మూడంతస్తులుంటేనే అన్న పాత నిబంధనను 2018 అక్టోబరు 1 నుంచి తీసేశారు. అది ఇంకా ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

కుటుంబం అనే మాటకు చట్టంలో లెక్క ఉంది. దంపతులు (పెళ్లి కాకపోయినా జంటగా కలిసి ఉండేవాళ్లు), తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయి, పిన్ని, మేనమామ, మేనత్త, వాళ్ల పిల్లలు ఒక కుటుంబం కిందికే వస్తారు. అంటే సొంత పిన్ని కొడుకుతో కలిసి ఉంటే ఇద్దరూ ఒక కుటుంబమే. ఒకే ఊరి నుంచి, ఒకే ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చి ఒకరినొకరు అన్నా, బావా అని పిలుచుకునే నలుగురు మాత్రం నాలుగు కుటుంబాలు. ఎమ్మెస్సీ చదివే నలుగురు కుర్రాళ్లకు ఇల్లిచ్చిన ఓనరు తనది ఫ్యామిలీ హౌస్ అనుకోవడం, చివరికి హెచ్‌ఎంఓ జరిమానా పడటం జరుగుతున్నదే.

అలాగే మధ్యలో మార్పులు. మొదట భార్యాభర్తలకిచ్చి సెలెక్టివ్ లైసెన్సు తీసుకున్నారు. వాళ్లు ఖాళీ చేశాక ముగ్గురు ఉద్యోగులు దిగారు. అడిషనల్ స్కీము ఉన్న చోట పాత లైసెన్సు పనికిరాదు, కొత్తది తీసుకోవాలి. కొన్ని ప్రాంతాల్లో ఆర్టికల్ 4 డైరెక్షన్ కూడా ఉంటుంది. అక్కడ కుటుంబం ఉండే ఇంటిని చిన్న హెచ్‌ఎంఓగా మార్చడానికి ప్లానింగ్ అనుమతి విడిగా కావాలి. లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన ప్లానింగ్ అనుమతి వచ్చినట్టు కాదు.

మీరుంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిస్తే? వంటగదీ బాత్‌రూమూ మీతో పంచుకుంటూ ఒకరో ఇద్దరో ఉంటే ఏ లైసెన్సూ అక్కర్లేదు. మూడో మనిషి దిగితే హెచ్‌ఎంఓ అవుతుంది. అప్పుడు ఇంట్లో తలలు లెక్కపెట్టేటప్పుడు మీ కుటుంబాన్నీ కలుపుకోవాలి. మీ ఇద్దరూ వాళ్లు ముగ్గురూ కలిస్తే ఐదుగురు, అంటే మాండేటరీ లైసెన్సు. సొంత ఇల్లు కొని, వాయిదాలకు ఆసరాగా గదులు అద్దెకిచ్చే దంపతులు ఇది తప్పక గమనించాలి.

సొంత అన్నదమ్ములకో తల్లిదండ్రులకో ఇల్లిస్తే, సెలవులకు వచ్చేవాళ్లకు హాలిడే లెట్‌గా ఇస్తే సెలెక్టివ్ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది.

మీ వీధి స్కీములో ఉందో లేదో చూడటం

కౌన్సిల్ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొట్టి చూసే సదుపాయం చాలా చోట్ల ఉంటుంది. దాని మీదే ఆధారపడకండి. స్కీములు వార్డుల సరిహద్దులను బట్టి ఉంటాయి, ఒకే రోడ్డుకు ఒక పక్క లోపల, రెండో పక్క బయట ఉండొచ్చు. ఆ ప్రాంతాన్ని ప్రకటిస్తూ కౌన్సిల్ ఇచ్చిన డిజిగ్నేషన్ నోటీసును, దానికి జత చేసిన మ్యాపును తెరిచి మీ ఇంటి నంబరు చూసుకోండి. అనుమానముంటే లైసెన్సింగ్ విభాగానికి ఈమెయిల్ రాయండి, జవాబును దాచుకోండి. ఫోనులో ఎవరో చెప్పారన్న మాట తర్వాత ట్రిబ్యునల్‌లో నిలబడటం కష్టం.

కొత్త స్కీము ఖరారైన రోజు నుంచి కనీసం మూడు నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈ వ్యవధిలో దరఖాస్తు చేసేవాళ్లకు కొన్ని కౌన్సిళ్లు ఫీజు తగ్గిస్తాయి. స్కీము ఒకసారికి గరిష్ఠంగా ఐదేళ్లుంటుంది. ఐదేళ్లయ్యాక మళ్లీ కొత్త స్కీము పెడితే మళ్లీ కొత్తగా దరఖాస్తు, మళ్లీ ఫీజు. పాత లైసెన్సు దానంతటదే పొడిగింపు కాదు.

లైసెన్సు ఎవరి పేరు మీద?

అద్దె ఎవరి చేతికి వస్తుందో, మరమ్మతు చేయించే అధికారం ఎవరికుందో వాళ్ల పేరున తీసుకోవడం పద్ధతి. సాధారణంగా ఓనరే. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరున ఉంటే ఒకరు లైసెన్సుదారుగా ఉండొచ్చు, రెండోవారి వివరాలూ దరఖాస్తులో రాయాలి. లైసెన్సు లేకుండా దొరికితే మాత్రం ఇద్దరికీ విడివిడిగా జరిమానా వేయొచ్చు.

లైసెన్సుదారు తగిన మనిషేనా అని కౌన్సిల్ చూస్తుంది. మోసం, హింస, డ్రగ్స్, లైంగిక నేరాల శిక్షలు, వివక్ష కేసులు, ఇదివరకు హౌసింగ్ చట్టాలు ఉల్లంఘించిన సంగతులు అడుగుతుంది. దాచిపెట్టి తప్పుడు సమాచారమిస్తే అదో వేరే నేరం.

ఇల్లు ఇక్కడుంచి ఇండియాకు తిరిగి వెళ్లినవాళ్లకు కొంచెం అదనపు పని ఉంది. విదేశంలో ఉంటున్న ఓనరుకు లైసెన్సు ఇవ్వడానికి చాలా కౌన్సిళ్లు ఒప్పుకోవు, లేదా యూకేలో ఉండే మేనేజరును పెట్టమంటాయి. ఏజెంటు పేరున లైసెన్సు తీసుకోవడం అప్పుడు మంచి దారి. నోటీసులు అందజేయడానికి ఇంగ్లండ్‌లో గానీ వేల్స్‌లో గానీ ఒక చిరునామాను టెనెంటుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అది ఇవ్వనంతవరకు అద్దె బాకీ పడినట్టే కాదు. పన్ను సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. నాన్ రెసిడెంట్ ల్యాండ్‌లార్డ్ స్కీము కింద హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) అనుమతి తెచ్చుకోకపోతే, ఏజెంటు మీ అద్దెలోంచి బేసిక్ రేటు పన్ను కోసి కట్టాల్సి ఉంటుంది.

అన్నీ ఏజెంటు చూసుకుంటాడు అనుకోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ఏజెంటు చెప్పలేదు, నాకు తెలియదు అన్న వాదనను ట్రిబ్యునళ్లు చాలా అరుదుగా ఒప్పుకుంటాయి. ఏజెన్సీ అగ్రిమెంటులో లైసెన్సు దరఖాస్తు ఎవరి బాధ్యతో స్పష్టంగా రాయించుకోండి, అయినా దరఖాస్తు అందినట్టు కౌన్సిల్ పంపిన ఈమెయిల్‌ను స్వయంగా చూడండి. నెలనెలా ఖాయంగా అద్దె ఇస్తామని ఇల్లు మొత్తం తీసుకుని, గదులుగా విడగొట్టి వేరేవాళ్లకిచ్చే కంపెనీల విషయంలో ఇంకా జాగ్రత్త. మీకు తెలియకుండానే ఆ ఇల్లు హెచ్‌ఎంఓ అయిపోతుంది, కౌన్సిల్ మీ తలుపు కూడా తడుతుంది. అలాంటి ఒప్పందంలో ఎంతమంది ఉండొచ్చో అంకె రాయించి, మూణ్ణెల్లకోసారి వెళ్లి చూసే హక్కు పెట్టుకోండి.

కాగితాలు

ఫారం తెరిచే ముందే ఇవి ఒక ఫోల్డర్లో పెట్టుకోండి:

- గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్, ఏడాది లోపుది
- ఈఐసీఆర్, అంటే కరెంటు వైరింగ్ రిపోర్టు, ఐదేళ్ల లోపుది
- ఈపీసీ, అంటే ఇంటి ఇంధన వాడకం సర్టిఫికెట్, 'E' రేటింగు లేదా అంతకన్నా మెరుగైనది, పదేళ్ల లోపుది
- కొలతలతో ఫ్లోర్ ప్లాన్
- టెనెన్సీ అగ్రిమెంటు
- మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకు పేరు, చిరునామా; ఫ్లాటైతే ఫ్రీహోల్డరు (భవనం, స్థలం అసలు యజమాని) వివరాలు కూడా

బ్యాంకు వివరాలు ఊరికే అడగరు. మీరు దరఖాస్తు చేస్తున్నట్టు మార్ట్‌గేజ్ బ్యాంకుకు, సహ యజమానులకు తెలియజేయడం దరఖాస్తులో భాగం. సొంతంగా ఉండటానికని మార్ట్‌గేజ్ తీసుకుని చెప్పకుండా అద్దెకిచ్చినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ముందే బ్యాంకు దగ్గర అద్దెకివ్వడానికి అనుమతి తీసుకోండి, ఇంటి ఇన్సూరెన్సును కూడా ల్యాండ్‌లార్డ్ పాలసీకి మార్చుకోండి.

ఈఐసీఆర్ చేతికి రాగానే చాలామంది చివరి తేదీ చూసి పక్కన పెట్టేస్తారు. మొదటి పేజీల్లోనే శాటిస్‌ఫ్యాక్టరీ అని ఉందో, అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ అని ఉందో చూడండి. తర్వాత పరిశీలనల పట్టికలో కోడ్‌లు చూడండి. సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం. సీ2 అంటే ప్రమాదం కావొచ్చు. ఎఫ్ఐ అంటే ఇంకా పరీక్షించి తేల్చాలి. ఈ మూడింటిలో ఒక్కటున్నా రిపోర్టు ఫెయిలే. 28 రోజుల్లో, లేదా రిపోర్టు ఇంకా తక్కువ గడువు చెబితే ఆ లోపు, పని చేయించి, చేసినట్టు ఎలక్ట్రీషియన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. సీ3 సలహా మాత్రమే, దానితో ఫెయిల్ కాదు. ఫెయిలైన రిపోర్టునే దరఖాస్తుకు జత చేసేవాళ్లున్నారు. మరమ్మతు కాగితం కూడా జత చేయకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఫ్లాట్ నంబరు, పోస్ట్‌కోడ్ సరిగ్గా పడ్డాయో లేదో కూడా చూసుకోండి.

గ్యాస్ తనిఖీ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్న ఇంజినీరుతోనే చేయించాలి. గడువు తీరడానికి రెండు నెలల ముందు వరకు ఎప్పుడు చేయించినా పాత గడువు తేదీయే కొనసాగుతుంది. టెనెంటు ఊళ్లో లేడనో, తలుపు తీయలేదనో చివరి వారంలో ఇబ్బంది పడకుండా ఈ రెండు నెలలు వాడుకోండి.

అలారాలు: జనం ఉండే ప్రతి అంతస్తుకూ కనీసం ఒక స్మోక్ అలారం. బాయిలర్ లాంటి మండే పరికరం ఉన్న ప్రతి నివాస గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం. గ్యాస్ స్టౌ ఒక్కదానికే మినహాయింపు. టెనెన్సీ మొదలైన రోజున అవి మోగుతున్నాయో లేదో నొక్కి చూసి, టెనెంటు సంతకం తీసుకోండి. హెచ్‌ఎంఓకి ఇవి సరిపోవు. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన అలారాలు, అరగంట మంటను ఆపే ఫైర్ డోర్లు, తాళంచెవి లేకుండా లోపలి నుంచి తీసుకునే తాళాలు మామూలుగా అడుగుతారు.

గదుల కొలతలు

సెలెక్టివ్ లైసెన్సుకు ఫ్లోర్ ప్లాన్ చేత్తో గీసి, కొలతలు వేసినా చాలా చోట్ల సరిపోతుంది. హెచ్‌ఎంఓకి మాత్రం కొలతలతోనే గది బతుకు తేలిపోతుంది. పదేళ్లు దాటిన ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లుండాలి, ఇద్దరికైతే 10.22. పదేళ్ల లోపు పిల్లలకు 4.64. అంతకన్నా చిన్నది పడకగదిగా వాడనే కూడదు. ఇవి చట్టం పెట్టిన కనిష్ఠాలు, మీ కౌన్సిల్ అంతకన్నా ఎక్కువే అడగొచ్చు.

పాత టెర్రస్ ఇళ్లలో ముందువైపు ఉండే బాక్స్ రూము తీసుకోండి. 2.40 మీటర్ల వెడల్పు, 2.70 మీటర్ల పొడవు అంటే 6.48 చదరపు మీటర్లు. 0.03 చదరపు మీటర్ల తేడాతో ఆ గది పోయినట్టే. టేపును గోడ నుంచి గోడకు నేల మీదే పెట్టి కొలవండి. మెట్ల పైభాగాన్ని కప్పుతూ గదిలోకి పొడుచుకొచ్చిన దిమ్మెను, పొగగూడు తినేసిన చోటును, గదిలోనే కట్టిన బాత్‌రూమును కౌన్సిల్ అధికారులు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అటకను గదిగా మార్చిన ఇళ్లలో కప్పు ఎత్తు 1.5 మీటర్లకు తగ్గిన చోటంతా తీసేయాలి. కంటికి విశాలంగా కనిపించే అటక గది ఈ లెక్కతో సగానికి సగం తగ్గిపోవచ్చు. ఎస్టేట్ ఏజెంటు బ్రోచర్లో ఉన్న అంకెలు ఎక్కించేయకండి, అధికారి వచ్చి మళ్లీ కొలుస్తారు.

దరఖాస్తు, ఫీజు, డ్రాఫ్టు

ఫీజు ఒక్కో కౌన్సిల్‌కు ఒక్కో రకం. సెలెక్టివ్ లైసెన్సుకు చాలా చోట్ల 500 నుంచి 1,000 పౌండ్ల మధ్య ఉంటుంది, హెచ్‌ఎంఓకి ఇంకా ఎక్కువ. రెండు విడతలుగా తీసుకుంటారు: దరఖాస్తుతో ఒకటి, లైసెన్సు ఇచ్చేటప్పుడు రెండోది. తిరస్కరిస్తే మొదటి విడత వెనక్కి రాదు.

ఫారం సగం నింపి సేవ్ చేస్తే దరఖాస్తు చేసినట్టు కాదు. ఫీజు కట్టి, అడిగిన కాగితాలన్నీ ఇచ్చి, సబ్మిట్ చేస్తేనే దరఖాస్తు. ఆ రోజు నుంచి, లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టినా, లైసెన్సు లేదన్న నేరం మీ మీద ఉండదు. అందుకే రసీదునూ, దరఖాస్తు నంబరు ఉన్న ఈమెయిల్‌నూ జాగ్రత్త చేయాలి. కాగితాలు అడుగుతూ కౌన్సిల్ పంపే ఈమెయిళ్లు స్పామ్‌లో పడి, దరఖాస్తు చెల్లకుండా పోయిన సందర్భాలున్నాయి. వారానికోసారైనా స్పామ్ ఫోల్డర్ చూడండి.

తర్వాత డ్రాఫ్టు లైసెన్సు వస్తుంది. అభ్యంతరం చెప్పడానికి కనీసం 14 రోజులిస్తారు. దాన్ని చదవకుండా వదిలేయకండి. ఎంతమంది ఉండొచ్చన్న అంకె, లైసెన్సు కాలం, అదనపు షరతులు మూడూ చూడండి. ఐదేళ్లకు బదులు ఒక్క ఏడాదికే ఇచ్చి ఉంటే కారణం అడగండి. సెలెక్టివ్ లైసెన్సు షరతులు ఇంటి నిర్వహణ, వాడకం, అందులో ఉండేవాళ్ల గురించే ఉండాలి. తుది లైసెన్సు మీద అభ్యంతరముంటే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ప్రాపర్టీ ఛాంబర్‌కు 28 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్సు వచ్చాక

షరతు తప్పినా నేరమే. ఏటా గ్యాస్ సర్టిఫికెట్, అలారాల స్థితి, టెనెంటుకు రాతపూర్వకంగా ఇచ్చిన అగ్రిమెంటు, చెత్త డబ్బాల ఏర్పాటు, ఇంటిని ఎప్పుడెప్పుడు చూసి వచ్చారన్న రికార్డు సాధారణంగా అడిగేవి. చిరునామా మారినా, ఏజెంటు మారినా కౌన్సిల్‌కు తెలపాలి.

సెలెక్టివ్ లైసెన్సులో కొత్త టెనెంటును రిఫరెన్సు అడగాలన్న షరతు తప్పక ఉంటుంది. నిన్న మొన్న విమానం దిగిన విద్యార్థి పాత ఓనరు ఉత్తరం ఎక్కణ్నుంచి తెస్తాడు? యూనివర్సిటీ అడ్మిషన్ లెటరు, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఉత్తరం, హాస్టలు ఉత్తరం ఇలా ఏవి తీసుకున్నారో రాసి ఉంచండి. యూకేలో గ్యారంటర్ లేడని ఆరు నెలల అద్దె ముందే తీసుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. రెంటర్స్ రైట్స్ యాక్ట్ ప్రకారం 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే), 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీములో వేయాలి. అదే చట్టం కింద వచ్చే ల్యాండ్‌లార్డుల డేటాబేసులో నమోదు వేరు, ఈ లైసెన్సు వేరు. ఒకటి చేసినా రెండోది తప్పదు.

ఇప్పటికే ఆలస్యమైతే

ఈ రోజే దరఖాస్తు చేయండి. కౌన్సిల్ కంట పడతామని భయపడి ఆగడం వల్ల నేరం పొడవు పెరుగుతుందే తప్ప తగ్గదు. కోర్టులో జరిమానాకు పరిమితి లేదు. కోర్టుకు వెళ్లకుండా కౌన్సిలే 30,000 పౌండ్ల వరకు వేయొచ్చు, ఈ పరిమితి 2026 మే 1 నుంచి 40,000. దానికి తోడు టెనెంట్లు ట్రిబ్యునల్‌కు వెళ్లి కట్టిన అద్దె వెనక్కి అడగొచ్చు. ఇదివరకు 12 నెలల వరకు, కొత్త చట్టంతో 24 నెలల వరకు. నెలకు 1,800 పౌండ్ల ఇంటికి 12 నెలలంటేనే 21,600. లైసెన్సు ఉందో లేదో కౌన్సిల్ పబ్లిక్ రిజిస్టరులో ఎవరైనా చూసుకోవచ్చు, విద్యార్థులకూ ఈ సంగతి తెలుసు.

దరఖాస్తు చేశాక గడిచిన కాలపు తప్పు చెరిగిపోదు గానీ, ఆ రోజుతో నేరం ఆగుతుంది, తానే ముందుకొచ్చాడన్న మాట జరిమానా లెక్కలో పనికొస్తుంది.

ఇల్లు అమ్మేస్తున్నా, మీరే ఆ ఇంట్లోకి మారుతున్నా లైసెన్సుకు బదులు టెంపరరీ ఎగ్జంప్షన్ నోటీసు (తాత్కాలిక మినహాయింపు) అడగొచ్చు. మూడు నెలలకిస్తారు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో మూడు నెలలు. అమ్మకం జరిగితే మీ లైసెన్సు కొన్నవారికి బదిలీ కాదు. టెనెంట్లతో సహా ఇల్లు కొంటున్నవారైతే రిజిస్ట్రేషన్ పూర్తయ్యే రోజుకే సొంత దరఖాస్తు సిద్ధంగా ఉంచుకోవాలి. లైసెన్సుదారు చనిపోతే ఆ లైసెన్సు ముగుస్తుంది. ఆ తర్వాత మూడు నెలలు మినహాయింపు ఉన్నట్టు చట్టం చూస్తుంది, వారసులు ఆ లోపు దరఖాస్తు చేసుకోవాలి.